మూడో లాకు యంత్రం లేవడం లేదు

నమోదు 1. జూలై 20, 2071

రాస్తున్నది తాళ్లూరి సోమశేఖరం, ఎగువ పట్నం పాత యంత్రాల శాఖలో మొదటి తరగతి మరమ్మతుదారు. మొదటి తరగతి వాళ్ళం మొత్తం ఐదుగురం మిగిలాం. మిగతా నలుగురికీ పని రాదు. చూసింది చూసినట్టు, అనిపించింది అనిపించినట్టు ఈ పుస్తకంలో రాయాలని శాఖ నియమం. ఎవరూ చదవరని తెలుసు కాబట్టి నాకు ఈ నియమమంటే ఇష్టం.

తొమ్మిది గంటలు పడవలో కూర్చుని మూడో లాకుకి చేరాను. ఇక్కడ ఉన్నదల్లా ఒక కట్ట. కట్టకి ఇటు సముద్రం. అటు తొమ్మిది వందల ఎకరాల వరి, ఒక మంచినీళ్ళ చెరువు, మూడు వందల ఇళ్ళు, ఇంటికి నలుగురు చొప్పున ఉచిత సలహాదారులు. కట్టకి ఆరు ఇనుప గేట్లున్నాయి. సముద్రం పాటు తీసినప్పుడు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, అవి లేచి లోపలి వాన నీటిని బయటికి వదలాలి. పోటు వచ్చేలోపు దిగి ఉప్పునీటిని ఆపాలి. ఏ రోజు ఏ వేళకి పోటో లెక్క కట్టి ఆ గేట్లని నడిపేది లాకు గదిలో ఉన్న ఒక పాత కంప్యూటరు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో పోయింది. అలాంటిది మళ్ళీ చెయ్యడం ఇప్పుడు ఎవరికీ రాదు.

అది మూడు రోజులుగా లేవడం లేదట. ఊరంతా వంతులు వేసుకుని చేతి చక్రాలతో గేట్లు నడుపుతోంది. ఒక్క గేటు దించడానికి ఇరవై మందికి గంట పడుతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకురావచ్చు. ఇరవయ్యారో తారీఖున అమావాస్య. అమావాస్య పోటు ఎవరి కోసమూ గంట ఆగదు. ఆ రోజుకి యంత్రం లేవకపోతే ఉప్పునీరు నారునీ చెరువునీ ముంచేస్తుంది. ఈ ఏడు వీళ్ళకి తిండీ ఉండదు, తాగడానికి నీళ్ళూ ఉండవు.

రేవులో కట్ట కమిటీ ప్రెసిడెంటు బాలకోటయ్య ఒక చేతిలో కొబ్బరిబోండం, ఇంకో చేతిలో ఉపన్యాసం కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు. బోండం తీసుకుని ఉపన్యాసం వద్దన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు కానీ కాగితం మాత్రం జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

లాకు గదిలో యంత్రం మీద అల్లిక గుడ్డ కప్పి ఉంది, సరిగ్గా గాలి ఆడాల్సిన కంతల మీద. గేట్లు చూసుకునే మనిషిని ఇక్కడ లస్కరు అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని నాంచారమ్మ అనే ఆవిడ చేస్తోంది. అరవై ఆరేళ్ళుంటాయి, పొట్టి మనిషి. నన్ను చూడగానే "వచ్చావా బాబూ" అంది. నాకు యాభై మూడేళ్ళు. ఎగువ పట్నంలో నన్ను నువ్వు అనేవాళ్ళు ఎవరూ బతికి లేరు.

మీట నొక్కితే ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. పెట్టె విప్పాను. ర్యామ్ ముక్కల పళ్ళకి ఉప్పుగాలి తగిలి పచ్చగా చిలుము పట్టింది. పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాను. కూతలు ఆగాయి. నలభై నిమిషాల పని. కిటికీ దగ్గర గుమిగూడిన జనం చప్పట్లు కొట్టారు. చిలుము రుద్దితే చప్పట్లు కొట్టే ఊరు ఇది.

తెర మీద మామూలు ప్రశ్న వచ్చింది, తారీఖు వెయ్యమని. గడియారాన్ని నిలబెట్టే బిళ్ళ బ్యాటరీ చచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. అలాంటి బిళ్ళలు ఇప్పుడు దొరకవు. రోజూ తెల్లవారి సౌర బ్యాటరీలు మార్చేటప్పుడు యంత్రం ఒకసారి ఆగుతుంది, తిరిగి లేచేటప్పుడు లస్కరు తారీఖు, టైము చేత్తో కొట్టాలి. ఆవిడ ఏం కొడుతోందో చూద్దామని మేకుకి వేలాడుతున్న నోటు పుస్తకం తిరగేశాను. చివరి పేజీలో జూలై పదహారు అని ఉంది. బాగానే ఉంది. పక్కన సంవత్సరం 2033 అని ఉంది. వెనక పేజీల్లో పోయినేడు 2032. అంటే ఈ మహాతల్లి యంత్రాన్ని ముప్ఫై ఎనిమిదేళ్ళు వెనక నడుపుతోంది, రోజూ, శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో.

ఇన్నాళ్ళూ నడిచిందంటే అది యంత్రం గొప్పతనం. సరైన తారీఖు, 2071 జూలై 20, నేనే కొట్టాను. వెనక నుంచి నాంచారమ్మ ఏదో చెప్పబోయింది. పని జరిగే చోట మాటలు వద్దన్నాను.

యంత్రం ర్యామ్ లెక్కపెట్టుకుంది. కంపెనీ బొమ్మ వచ్చింది. తెర నల్లబడింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలకోసారి అదే వరస. అంటే ర్యామ్ కాక ఇంకో జబ్బు కూడా ఉందన్నమాట. ఇలాంటి మనుషుల చేతిలో ఇరవై రెండేళ్ళు పడి ఉంటే నాకైనా ఉంటుంది.

నమోదు 2. జూలై 21

ఈ రోజు కరెంటు పెట్టె విప్పాను. లోపల రెండు బల్లి గుడ్ల పెంకులు, ఒక చచ్చిన బల్లి, ఉబ్బిపోయిన కెపాసిటర్లు రెండు. మార్చాను. వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయి. యంత్రం మాత్రం నిన్నటి పాటే పాడుతోంది. ర్యామ్, బొమ్మ, నలుపు, మళ్ళీ ర్యామ్.

కిటికీ బయట జనం తగ్గలేదు. ఒకడు యంత్రాన్ని ఎండలో పెట్టమన్నాడు. ఒకడు తన బావమరిది రేడియో ఇలాగే చేస్తే తలకిందులుగా పెట్టాడట, బాగైందట. నేను కిటికీ మూశాను. తలుపు దగ్గర చేరారు.

మధ్యాహ్నం నాంచారమ్మ అన్నం తెచ్చింది. చద్దన్నం, ఉల్లిపాయ, రొయ్యల వేపుడు. వేపుడు బాగుంది. ఆ మాట ఆవిడతో అనలేదు. నేను తింటుంటే గుమ్మంలో కూర్చుని, "బాబూ, ఒక మాట చెప్తా, ఇంటావా?" అంది.

"యంత్రం గురించేనా?"

"మిషను గురించే."

"నువ్వు ఏం చదివావమ్మా?"

"ఐదు."

"నేను పదహారేళ్ళు చదివాను. ముందు నా మాట యంత్రాన్ని విననివ్వు, నీ మాట తర్వాత."

"అదీ ఇంటంలేదు గదా," అంది ఆవిడ, గిన్నె తీసుకుని లేస్తూ. తలుపు బయట ఎవడో కిసుక్కున నవ్వాడు.

సాయంత్రం బాలకోటయ్య దోష నిర్ణయం కావాలని వచ్చాడు. లాకుల్లో అదొక చట్టం ఉంది. యంత్రానికి చేటు చేసిన వాళ్ళు కట్ట మీద ఉండకూడదు. బయటి దిబ్బకి వెళ్ళిపోవాలి. బయటి దిబ్బంటే సముద్రంలో ఒక ఇసుక మేట. అక్కడ చెట్టు లేదు, బావి లేదు, నీళ్ళ పడవ మూడు రోజులకోసారి వస్తుంది, తుఫాను వేళ అదీ రాదు. తప్పు ఎవరిదో మొదటి తరగతి మరమ్మతుదారు రాసి సంతకం పెడితే చాలు, వేరే విచారణ ఉండదు.

"ఎవరిదో మీకు తెలీదా?" అన్నాను.

"తెలుసండి. కానీ తమరు రాస్తేనే అందం," అన్నాడు.

నమోదు 3. జూలై 22

డిస్కు అనుమానంతో ఉన్నదంతా నా దగ్గరున్న వేరే డిస్కులోకి ఎక్కించాను. ఐదు గంటలు పట్టింది. కొత్త డిస్కుతోనూ అదే వరస. తీగలు మార్చాను. అదే వరస. అంటే రాతలోనే లోపముంది. డిస్కులో రాసి ఉన్న లెక్కలు చెడిపోయాయి. ఇరవై రెండేళ్ళు రోజూ తప్పుడు తారీఖు మీద లెక్క కట్టించిన యంత్రం ఇంకెలా ఉంటుంది?

దోష నిర్ణయం రాశాను. "లస్కరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ ఏళ్ళ తరబడి తప్పుడు తారీఖులు వేసి యంత్రాన్ని పాడుచేసినది." సంతకం పెట్టి బాలకోటయ్యకి ఇచ్చాను. రెండు నిమిషాల పని. మనసు కలుక్కుమనలేదు. అనిపించింది అనిపించినట్టు రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

ఆవిడకి అరగంటలో తెలిసింది. రాత్రి భోజనం మామూలుగానే తెచ్చింది. చింతకాయ పచ్చడి, చేపల పులుసు. గిన్నె బల్ల మీద పెట్టి, "మా ఆయన్ని ఈ కట్ట మీదే తగలేశాం," అంది. మధ్యాహ్నం గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నేను యంత్రం వైపు తిరిగి తిన్నాను.

నమోదు 4. జూలై 24

నిన్న రాయలేదు. రాయడానికి ఏమీ లేదు.

రెండు రోజుల నుంచీ వాన. పెట్టెలో ఉన్న ప్రతి ముక్కా ఊడదీసి, తుడిచి, ఒక్కొక్కటే గుచ్చి చూశాను. లోపలి సర్క్యూట్ పలకని ఎదురుగా పెట్టుకుని గంటసేపు ఉత్తినే చూస్తూ కూర్చున్నాను. చూస్తే బాగైపోదని కుర్రకారుకి చెప్పే మనిషిని. ప్రతిసారీ తారీఖు అడుగుతుంది, కొడతాను, లేస్తుంది, పడుతుంది. వేళ్ళకి ఆ ఎనిమిది అంకెలూ అలవాటైపోయాయి.

లోపల వాన నీళ్ళు పెరుగుతున్నాయి. నారు కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. పాటు వేళ ఊరంతా చక్రాల దగ్గర ఉంటుంది, చంటిపిల్లల తల్లులతో సహా. ఒకామె అరచేతికి గుడ్డ చుట్టుకుని తిప్పుతోంది, గుడ్డ ఎర్రగా ఉంది. నన్ను చూసి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం నాకు నచ్చలేదు. పని జరగని చోట దణ్ణాలు ఎందుకు?

బాలకోటయ్య ఎల్లుండి పొద్దున్న ఏడింటికి సభ పెట్టాడు. సభలో నాకు సన్మానం.

"యంత్రం ఇంకా లేవలేదు కదయ్యా," అన్నాను.

"తమరు లేపుతారండి. మా నమ్మకం మాది. శాలువా కూడా తెప్పించాం."

అదే సభలో నాంచారమ్మ బహిష్కారం చదువుతారట. షామియానా ఒకటే, మైకు ఒకటే, జనాన్ని రెండుసార్లు పిలవనక్కర్లేదు. ఇంత తెలివైన మనిషి ప్రెసిడెంటుగా ఉన్న ఊరికి సముద్రం వేరే ఎందుకో.

లాకు గదికి ఆనుకునే ఆవిడ ఇల్లు. గిన్నెలు మూటకడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నమోదు 5. జూలై 25

వరసగా రాస్తాను.

తెల్లవారి ఐదున్నరకి బ్యాటరీలు మార్చాను. యంత్రం ఆగి మళ్ళీ లేచింది, తారీఖు అడిగింది. గంటలు, నిమిషాలు కొట్టాను. తారీఖు దగ్గరికొచ్చేసరికి విసుగు తలకెక్కింది. ఎలాగూ పడిపోయేదానికి ఏ తారీఖైతేనేం అనుకుని ఖాళీగా వదిలేశాను. ఏమీ కొట్టకపోతే ఈ పెట్టె తనంతట తాను 2000 జనవరి 1 అనుకుంటుంది. బొమ్మ వచ్చింది. తెర నల్లబడింది. నేను అటు తిరిగి కాఫీ కలుపుకుంటున్నాను.

మళ్ళీ మొదలవ్వలేదు. తెర మీద గేట్ల పట్టిక వచ్చింది. ఆరు గేట్లు, ఆరు పచ్చ చుక్కలు.

నేను అరిచాను. ఐదు రోజుల్లో మొదటిసారి ఈ జనంతో కలిసి చప్పట్లు కొట్టాను, రాయడానికి సిగ్గుగా ఉంది. ఏడింటికి మోటార్లు మోగాయి, గేట్లు లేవడం మొదలుపెట్టాయి. బయట చప్పట్లు ఒక్కసారిగా కేకలైపోయాయి. పోటు ఎక్కుతోంది. సముద్రం కట్టకేసి వస్తుంటే యంత్రం గేట్లు తెరుస్తోంది.

మీట లాగేశాను. గేట్లు సగంలో ఆగాయి. ఊరు ఊరంతా చక్రాల మీద పడింది. గంటన్నర పట్టింది. ఉప్పునీరు మొదటి కాలవ దాటి నలభై ఎకరాల నారులోకి పోయింది. చెరువు దాకా పోలేదు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది, ఆలస్యంగా. ఈ తరం యంత్రాలు 2038 జనవరి దాటి లెక్కపెట్టలేవు. దాటిన తారీఖు ఇస్తే గేట్ల ప్రోగ్రాం లెక్క తిరగబడి పడిపోతుంది, అది పడిపోతే యంత్రం తనని తాను ఆపుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నకి పదికి పది మార్కులు తెచ్చుకున్నాను. ఎగువన ఉన్న యంత్రాలన్నిటికీ నేను పనిలో చేరకముందే ఈ జబ్బు నయం చేశారు కాబట్టి జన్మలో ఒక్కసారీ చూడలేదు. చూసిన రోజున గుర్తుపట్టలేదు. ఇరవయ్యో తారీఖున చిలుము రుద్దగానే యంత్రం బాగైపోయింది. ఆ మరుక్షణం దాన్ని పాడుచేసింది నేను. రోజుకి పాతికసార్లు, ఐదు రోజులు.

మిగిలిన ప్రశ్న ఒకటే. పాత తారీఖుతో లేస్తుంది సరే, పోటు వేళలు తప్పుతున్నాయి. మరి ఇరవై రెండేళ్ళు ఎలా తప్పలేదు?

పక్కింటికి వెళ్ళాను. నాంచారమ్మ మూట మీద కూర్చుని ఉంది.

"2033 ఎందుకు కొడుతున్నావు?" అన్నాను.

"ఇప్పుడు అడుగుతున్నావా?"

"ఇప్పుడే అడుగుతున్నాను."

"నేనొచ్చేనాటికి పదేళ్ళ బట్టీ మిషను లెగడం లేదు, చక్రాలే తిప్పేవోళ్ళు. వచ్చిన కొత్తలో నేనూ నిజం తారీఖే కొట్టా. లెగలా. రెండు రోజులు ఏడ్చి, ఏదో ఒకటని పాత ఏడు కొడితే లెగిసింది. లెగిసి పోటప్పుడు గేట్లు తీసింది, ఇయ్యాల నువ్వు తీసినట్టు. మా పెద్దోడు పుట్టింది బహుళ పంచమినాడు. పందొమ్మిదో పుట్టినరోజుకి తిథీ తారీఖూ మళ్ళా ఒకటే రోజున పడ్డయ్యి. అందరికీ అట్టాగే పడతయ్యి. అంటే పందొమ్మిదేళ్ళకి చంద్రుడు అదే తారీఖుకి అక్కడికే వత్తాడు గదా. పోటు ఎవరి మాట ఇంటది? చంద్రుడి మాటే ఇంటది. పందొమ్మిదేళ్ళు వెనక్కి కొట్టా. సరిపోయింది. ఎనిమిదేళ్ళకి అదీ లెగడం మానేసింది. ఇంకో పందొమ్మిది తీసేశా."

రెండు పందొమ్మిదులు ముప్ఫై ఎనిమిది. ఐదో తరగతి. నేను గుమ్మంలో నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

"ఈ సంగతి శాఖకి చెప్పలేదా?"

"ఏటా చెప్పా. వచ్చినోడల్లా నువ్వేం చదివావనే వాడు."

నేనిక్కడ క్షమాపణ చెప్పి ఉండాలి. "మొదటి రోజే గట్టిగా చెప్పొచ్చు కదా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మూట ముడి బిగించుకుంది.

2033 జూలై 25 కొట్టాను. యంత్రం లేచింది. మధ్యాహ్నం పాటుకి ఆరు గేట్లూ వేళకి లేచాయి, వాన నీళ్ళు హోరుమని బయటికి పోయాయి. ఊరు పండగ చేసుకుంటోంది. బాలకోటయ్య దగ్గరికి వెళ్ళి దోష నిర్ణయం వెనక్కి ఇమ్మన్నాను, తప్పు నాదన్నాను. "సభలో చెబుదురు గానీ" అన్నాడు, శాలువా మడతలు సవరిస్తూ.

నమోదు 6. జూలై 26. అమావాస్య

సభ ఏడింటికన్నారు, ఏడింటికే మొదలైంది. పోటు తొమ్మిదికి. పాటుకి లేచిన గేట్లు అప్పటికింకా తెరిచే ఉన్నాయి, ఎనిమిదికల్లా యంత్రం వాటిని దించాలి. షామియానా లాకు గదికి ఇరవై అడుగుల దూరంలో వేశారు. రేవులో బయటి దిబ్బ పడవ కట్టేసి ఉంది. నాంచారమ్మ మూటలు అందులో ఉన్నాయి, ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుని ఉంది.

నా గురించి నలుగురు మాట్లాడారు. అపర విశ్వకర్మనట. శాలువా కప్పారు, జూలై నెలలో, ఉన్ని శాలువా. మైకు ఇచ్చారు.

"యంత్రాన్ని పాడుచేసింది నేను," అన్నాను. "నాంచారమ్మ వేసిన తారీఖే సరైనది. నేను దాన్ని మార్చాను. బాగుచేసింది కూడా నేను కాదు, ఆవిడ. నాకేమీ తెలియదు. నా తెలివితక్కువతనం వల్ల మీ నారు పోయింది."

చప్పట్లు కొట్టారు.

ఈ ఊళ్ళో సన్మానం చేయించుకునే ప్రతివాడూ నాదేమీ లేదు, నేనెంతటివాణ్ణి అనే అంటాడట. అది ఆనవాయితీ. నేను మిగతావాళ్ళ కంటే బాగా అన్నానంతే. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. బాలకోటయ్య మైకు అందుకుని, "చూశారా! అంత విద్య ఉండీ ఎంత నమ్రతో! ఒక దోషి మీద జాలితో తప్పు తన నెత్తిన వేసుకుంటున్నారు!" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. నా యాభై మూడేళ్ళ జీవితంలో నన్ను ఎవరూ నమ్రుడు అనలేదు. అవసరమైన రోజున నా పొగరు కూడా నాకు అక్కరకి రాలేదు.

"నిజం చెబుతున్నానయ్యా!" అని అరిచాను. ఇంకా గట్టిగా కొట్టారు. బాలకోటయ్య జేబులోంచి నా సంతకం ఉన్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. రేవులో పడవవాడు తాడు విప్పడానికి వంగాడు.

నేను వేదిక దిగి లాకు గదికి నడిచాను. మీట లాగేశాను. ఏడూ నలభై. ఆరు గేట్లూ తెరిచి ఉన్నాయి.

జనం వెంటపడి వచ్చారు. "చూడండి," అన్నాను. వాళ్ళు చూస్తుండగా 2071 జూలై 26 కొట్టాను. ర్యామ్, బొమ్మ, నలుపు. మళ్ళీ ర్యామ్. ఇంకోసారి కొట్టాను. మళ్ళీ అదే. కాలవ సముద్రంలో కలిసే మొగలో నీళ్ళు బయటికి పోవడం ఆగి, ఒక్క క్షణం నిలబడి, లోపలికి తిరిగాయి. అప్పుడు నాకు భయమేసింది. బాలకోటయ్య మాత్రం, "పరీక్ష చేస్తున్నారు, శబ్దం చెయ్యకండి," అంటున్నాడు.

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ నాంచారమ్మ వచ్చింది. "లెగు," అంది. నేను లేచేలోపే కుర్చీ లాగేసింది. టైము కొట్టింది, తారీఖు కొట్టింది, ఒక్క చూపుడు వేలితో, అంకె అంకెకీ ఊపిరి బిగపట్టి. ర్యామ్. బొమ్మ. నలుపు. ఆ నలుపు ఎంతసేపుందో నేను చెప్పలేను. ఆరు పచ్చ చుక్కలు వచ్చాయి. మోటార్లు మోగాయి. ఆరో గేటు నేలకి దిగబోతుండగా దాని కింద జానెడు సముద్రం లోపలికి వస్తోంది. తర్వాత ఆగిపోయింది.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది.

"అమాస పోటు ముంచుకొత్తుంటే మిషను ఆపుతావా? నీకు బుద్ధుందా? చదువుకున్నోడివి, అన్నం కాక గడ్డి తింటన్నావా? పిల్లలున్నారు ఈ కట్ట కింద! మొదటి రోజు చెప్పబోయా, నోరు ముయ్యమన్నావు. రెండో రోజు చెప్పబోయా, ఏం చదివావన్నావు. నా మాట ఇనకపోతే ఇనకపో, మిషను మాటన్నా ఇనొద్దా? పాతికసార్లు పడితే ఎందుకు పడతందో చూసుకోవద్దా?"

పావుగంట తిట్టింది. ఎవరూ అడ్డు రాలేదు. నేను శాలువా కప్పుకుని తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మైకులో చెప్పినప్పుడు నమ్మని జనం అప్పుడు నమ్మారు. అంత మాటన్నా కిక్కురుమనకుండా నిలబడ్డాడంటే తప్పు వీడిదే అయ్యుండాలని గుసగుసలు మొదలయ్యాయి. మొన్న గుడ్డ చుట్టుకున్న చేతులతో నాకు దణ్ణం పెట్టిన ఆమె ఇప్పుడు నన్ను చూసి మొహం తిప్పుకుంది. బాలకోటయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకుంటూ, ఈ పట్నం మనిషి మీద తనకి మొదటి నుంచీ అనుమానమేనని పక్కవాడికి చెబుతున్నాడు. పడవలోంచి మూటలు ఎవరో దింపి తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టారు.

నా పడవకి ఇంకా గంట ఉంది. శాఖ అడిగే చివరి మూడు గడులూ నింపుతున్నాను. మొదటి తరగతి బిళ్ళ ఊడబెరుకుతారు, తెలుసు.

లోపం: యంత్రానికి లెక్క దాటిన తారీఖు ఇవ్వడం.
కారణం: మరమ్మతుదారు తాళ్లూరి సోమశేఖరం.
సరిచేసినవారు: లస్కరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ.

ఆవిడ సంతకం కావాలని పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. మూట విప్పి గిన్నెలు సర్దుకుంటోంది. చేతులు తుడుచుకుని, గుమ్మం వెలుగులో కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను రాసిందంతా చదివింది, అల్లిక గుడ్డ, ఐదో తరగతి, అన్నీ. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

చివరికి సంతకం పెట్టి, "కింద ఇంకో ముక్క రాయి," అంది.

"ఏమని?"

"ఈసారి చెవులున్నోణ్ణి పంపమని."

రాశాను.